బందరు డాక్టరు గారి ప్రయారిటీలు

పోయిన సెమిస్టర్ ఓఎస్ ల్యాబ్‌లో జరిగిన ఒక చిన్న విషయంతో మొదలుపెడతాను. భయపడకండి, ఇది ల్యాబ్ రికార్డు కాదు. ఒక పెద్దాయన జీవిత కథ. కాకపోతే ఆ కథ నాకు అర్థమైంది మాత్రం టెర్మినల్ ముందు కూర్చున్నాకే.

ఆ రోజు మాకిచ్చిన పని ఏంటంటే, ఊరికే లూప్‌లో తిరిగే ప్రోగ్రామ్ ఒకటి రాసి, దాన్ని ఒకే కోర్ మీద రెండుసార్లు రన్ చేయాలి. టాప్ కమాండ్ కొట్టి చూస్తే రెండింటికీ చెరిసగం సీపీయూ వస్తోంది. తర్వాత రీనైస్ అని కొట్టి, రెండోదాని పీఐడీ ఇచ్చి, నైస్ విలువ 19 చేశాను. ఎన్ఐ అనే కాలమ్‌లో 0 కాస్తా 19 అయిపోయింది. దాని వాటా యాభై నుంచి ఒకటిన్నర శాతానికి పడిపోయింది. మొదటిది హాయిగా తొంభై ఎనిమిది శాతం తినేస్తోంది. సరే చూశాం కదా, మళ్లీ 0 చేద్దామని అదే కమాండ్ ఇంకోసారి కొట్టా. పర్మిషన్ లేదంది! నా ప్రోగ్రామే, నేనే స్టార్ట్ చేశా, నేనే తగ్గించా. తిరిగి పైకి తేవడానికి మాత్రం నాకు హక్కు లేదట. అది రూట్ యూజర్ చేయాల్సిన పని.

ఈ నైస్ అనే పేరు కూడా భలే ఉంటుంది. మైనస్ 20 నుంచి 19 దాకా విలువలు. మామూలుగా ఏ ప్రాసెస్ అయినా 0 దగ్గర మొదలవుతుంది. నంబర్ పెరిగేకొద్దీ ఆ ప్రాసెస్ మిగతావాళ్ల పట్ల అంత మంచిగా ఉన్నట్టు, అంటే ముందు మీరు కానివ్వండి, నేను తర్వాత వస్తాను అని పక్కకు తప్పుకున్నట్టు. ఎవరైనా మంచితనం పెంచుకోవచ్చు. తగ్గించుకోవాలంటే మాత్రం పైవాళ్ల అనుమతి కావాలి, మామూలు సెట్టింగుల్లో అయితే.

ఆ వారం ఇంటికి, అంటే బందరు వెళ్లాను. అక్కణ్ణుంచి దివిసీమలో తాతయ్య దగ్గరికి. తాతయ్యది శివారు పొలం, నాగాయలంక వైపు. కాలవ చివర్న ఉంటుంది కాబట్టి నీళ్లు అందరి తర్వాత వస్తాయి. వంతులవారీ నీళ్లు అనే మాట నేను చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నా కానీ, అది కూడా ఒక షెడ్యూలరే అని అప్పుడే తట్టింది. ఆయన బీరువాలో ఏదో కాగితం వెతుకుతుంటే పాత ఆంధ్రా బ్యాంకు పాస్‌బుక్ ఒకటి బయటపడింది. ఆ బ్యాంకు పెట్టింది మన బందరు డాక్టరు గారే తెలుసా అన్నాడు తాతయ్య. పేరు స్కూల్లో చదివినట్టే గుర్తు, అంతకుమించి ఏమీ తెలీదు. తిరిగొచ్చాక చదవడం మొదలుపెట్టా. చదువుతూ చదువుతూ 1949 దగ్గరికి వచ్చేసరికి నా ల్యాబ్ గుర్తొచ్చింది. ఎందుకో చివర్లో చెప్తాను.

భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1880 నవంబరు 24న గుండుగొలనులో పుట్టారు. అప్పట్లో అది కృష్ణా జిల్లా, ఇప్పుడు ఏలూరు జిల్లా. మామూలు కుటుంబం. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో బీఏ చేసి, ఆ తర్వాత మద్రాసులోనే వైద్యం చదివి డాక్టరయ్యారు. ఆ రోజుల్లో ఆ డిగ్రీని ఎంబీసీఎం అనేవాళ్లు. చదువు అయ్యాక మద్రాసులో ఉండిపోకుండా బందరు వచ్చి బోర్డు పెట్టారు.

అప్పటి బందరు గురించి కొంచెం చెప్పాలి. ఒకప్పుడు డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు పోటీపడి వ్యాపారం చేసిన రేవు. కలంకారీ బట్టలు ఓడలెక్కిన ఊరు. 1864 ఉప్పెనలో దాదాపు 30,000 మంది చనిపోయారు. రేవు దెబ్బతింది, వ్యాపారం తగ్గింది. కానీ జిల్లాకి ముఖ్యపట్టణం కాబట్టి కోర్టులు, ప్లీడర్లు, స్కూళ్లు ఉన్నాయి. 1902లో కృష్ణాపత్రిక ఇక్కడే మొదలైంది. 1907లో వందేమాతరం ఉద్యమం వేడిలో బిపిన్ చంద్ర పాల్ ఉపన్యాసాలివ్వడానికి ఆంధ్ర ప్రాంతానికి వచ్చినప్పుడు బందరు కూడా వచ్చారు. ఊళ్లో కుర్రాళ్లు ఊగిపోయారు.

ఆ ఊపు చల్లారకముందే ముగ్గురు మనుషులు ఒక పని చేశారు. కోపల్లె హనుమంతరావు గారు, కృష్ణాపత్రిక ముట్నూరి కృష్ణారావు గారు, మన డాక్టరు గారు. ఈ ముగ్గురూ కలిసి 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. సర్కారు గ్రాంటు అక్కర్లేని చదువు. పుస్తకాలతో పాటు నేత, వడ్రంగం, యంత్రాల పని, చిత్రకళ. అంటే థియరీతో పాటు ల్యాబ్ కూడా ఉండాలని 1910లోనే అనుకున్నారన్నమాట. తర్వాతి కాలంలో ప్రమోద కుమార ఛటర్జీ లాంటి చిత్రకారులు అక్కడ పాఠాలు చెప్పారు, అడివి బాపిరాజు గారు అక్కడ పనిచేశారు.

ఇప్పుడు ఆయన టాప్ అవుట్‌పుట్ ఎలా ఉందో ఊహించుకోండి. పొద్దున పేషెంట్లు. మధ్యలో కళాశాల పనులు. సాయంత్రం మీటింగులు. రాత్రి రాతపని. 1915లో కృష్ణా జిల్లా సహకార బ్యాంకు. అన్నీ ఒకే మనిషి మీద రన్ అవుతున్నాయి. మనకి ఉన్నదీ ఒక బుర్ర, ఇరవై నాలుగు గంటలే కదా. ఏదో ఒకదాన్ని ఆపాలి. 1916లో ఆయన ఆపింది ప్రాక్టీసుని. బాగా నడుస్తున్న ప్రాక్టీసది. డబ్బులు రాక ఆపేసింది కాదు. పదేళ్లు సంపాదించాక ఇక చాలని, మిగతా టైమంతా దేశం పనికి ఇచ్చేశారు. నైస్ పెంచడం కాదిది, ఏకంగా కిల్ కొట్టడం. మన ఇళ్లల్లో ఎవరైనా బాగా నడిచే క్లినిక్ మూసేస్తానంటే ఏమంటారో మీకు తెలుసు.

ఆ మిగిలిన టైమ్‌లో ఎక్కువ వాటా దేనికి వెళ్లింది? ఆంధ్ర రాష్ట్రానికి.

ఇది మనలో చాలామందికి తెలీదు. నాకూ తెలీదు. మనం ఇంగ్లీషు మీడియంలో చదివిన సోషల్ పుస్తకాల్లో ఆంధ్ర రాష్ట్రం కథ 1952లో పొట్టి శ్రీరాములు గారి దీక్షతో మొదలై 1953లో అయిపోతుంది. అసలు ఆ ప్రాసెస్ స్టార్ట్ అయింది అంతకు నలభై ఏళ్ల ముందు. అప్పుడు ఆంధ్ర ప్రాంతపు తెలుగు జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో కలిసి ఉండేవి. ఉద్యోగాలు, కాలేజీలు, హైకోర్టు, అన్నీ మద్రాసులోనే. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. తెలుగువాళ్లకి వేరే రాష్ట్రం అనే మాట పెద్ద సభలో వినపడింది అప్పుడే. కొండా వెంకటప్పయ్య గారు, ముట్నూరి వారు, పట్టాభి గారు ఆ మాటని ఊరూరా తీసుకెళ్లినవాళ్లలో ముందున్నారు. భాషల్ని బట్టి రాష్ట్రాల్ని ఎందుకు మార్చాలో వివరిస్తూ పట్టాభి గారు ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకం కూడా రాశారు. ఢిల్లీ, కలకత్తా పెద్దలు చదవాలంటే ఇంగ్లీషులో ఉండాలి కదా.

బ్రిటిషు వాళ్లు రాష్ట్రం ఇవ్వకపోతే పోనీ, ముందు కాంగ్రెస్ అయినా తెలుగువాళ్లకి వేరే శాఖ ఇవ్వాలని వీళ్లు పట్టుబట్టారు. ఈ గొడవ 1917లో కలకత్తా కాంగ్రెస్ దాకా వెళ్లింది. ఆ ఏడు అధ్యక్షురాలు అనిబిసెంట్ గారు, ఆమెకి ఇది నచ్చలేదు. గాంధీ గారు కూడా, పాలనా సంస్కరణలు రాబోతున్నాయి కాబట్టి అవి వచ్చాక చూద్దాం అన్నారు. అంటే వాళ్లు చెప్పింది కాదని కాదు, తర్వాత అని. పట్టాభి గారు ఆ తర్వాత అనే మాటని ఒప్పుకోలేదు. తిలక్ గారు ఆంధ్రుల వైపు మాట్లాడారు. చివరికి 1918లో ఆంధ్రకి వేరే ప్రాంతీయ కాంగ్రెస్ కమిటీ వచ్చింది. 1920లో నాగపూర్ కాంగ్రెస్ ఇంకో అడుగు ముందుకేసి, దేశం మొత్తం మీద కాంగ్రెస్ శాఖల్ని భాషల ప్రకారమే ఏర్పాటు చేయాలని తీర్మానించింది. బందరు నుంచి మొదలైన పట్టుదల దేశం మొత్తానికి రూల్ అయింది. ఈ నాగపూర్ అనే పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

1919లో జన్మభూమి అని ఇంగ్లీషు వారపత్రిక మొదలుపెట్టి పదేళ్లకు పైగా నడిపారు. అది అలా నడుస్తుండగానే 1923లో ఇంకో ప్రాసెస్ స్టార్ట్ చేశారు. అదే ఆంధ్రా బ్యాంకు.

డాక్టరుకి బ్యాంకుతో ఏం పని అని నాకూ అనిపించింది. డెల్టాలో పెరిగినవాళ్లకి జవాబు ఈజీగానే తెలుస్తుంది. గుడివాడ, కైకలూరు, అవనిగడ్డ, ఎటు చూసినా వరి. కృష్ణ మీద బెజవాడ దగ్గర ఆనకట్ట 1855లో పూర్తయ్యాక కాలవలు వచ్చాయి, పంటలు పెరిగాయి. కానీ రైతు చేతికి డబ్బొచ్చేది కోతలయ్యాకే. ఖర్చు మాత్రం నారు పోసే ముందే మొదలవుతుంది. ఆ మధ్యలో వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్లాల్సిందే. పంట అమ్మినవాళ్ల డబ్బు ఒకచోట చేరి, అవసరమైనవాళ్లకి మామూలు వడ్డీకి అందితే అదే బ్యాంకు. 1923 నవంబరు 20న రిజిస్టర్ చేసి, 28న బందరులో తలుపులు తీశారు. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. అధీకృత మూలధనం పది లక్షలు. రెండేళ్లకి 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ. 1929లో భారతలక్ష్మీ బ్యాంకు. 1935లో హిందూస్తాన్ ఐడియల్ ఇన్సూరెన్స్. ఒక రేవు పోయిన ఊళ్లో కూర్చుని ఇన్ని సంస్థలు పెట్టారాయన. పైగా తన సంస్థల్లో ఉత్తరాలు తెలుగులో జరగాలని పట్టుబట్టేవారు. మనం వాట్సాప్‌లో తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొడతాం, అది వేరే సంగతి.

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. బందరుకి సముద్రం పక్కనే కాబట్టి ఉప్పు వండటానికి ఎక్కడికో నడిచి వెళ్లక్కర్లేదు. డాక్టరు గారు ఒడ్డున ఉప్పు చేసి జైలుకి వెళ్లారు. ఆ తర్వాత కూడా అరెస్టులు తప్పలేదు. 1935లో కాంగ్రెస్‌కి యాభై ఏళ్లు నిండితే ఆ సంస్థ చరిత్ర రాసే పని ఈయన మీద పడింది. వెయ్యి పేజీల దాకా ఉన్న పుస్తకం, బాబూ రాజేంద్రప్రసాద్ గారు ముందుమాట రాశారు. రెండో భాగం 1947లో వచ్చింది. కాంగ్రెస్ చరిత్ర మీద ఎవరు ఏం రాయాలన్నా చాలాకాలం ఈ పుస్తకమే తిరగేశారు. ఇంతకీ రాసింది మన డెల్టా డాక్టరు!

దేశం మొత్తానికి ఆయన పేరు తెలిసింది మాత్రం ఒక ఓటమి వల్ల. 1939 జనవరిలో కాంగ్రెస్ అధ్యక్ష పదవికి పోటీ జరిగింది. సుభాష్ చంద్ర బోస్ గారు రెండోసారి నిలబడతానన్నారు. గాంధీ గారికీ, పెద్ద నాయకులకీ అది ఇష్టం లేదు. మౌలానా ఆజాద్ గారిని నిలబెడదామనుకుంటే ఆయన తప్పుకున్నారు. అప్పుడు మిగిలిన పేరు పట్టాభి గారిది. దాదాపు రెండు వందల ఓట్ల తేడాతో ఓడిపోయారు. గాంధీ గారు ఆ ఓటమిని తన ఓటమిగా ప్రకటించేసరికి దేశంలో పెద్ద దుమారం లేచింది. కొన్ని నెలల్లోనే బోస్ గారు రాజీనామా చేయాల్సి వచ్చింది. ఈ కథంతా బోస్ గురించీ గాంధీ గురించీ చెప్తారు. మధ్యలో ఓడిన మనిషి గురించి ఒక్క లైను ఉంటుంది, అంతే. నిజానికి ఆయన ఆ పోటీలో పెద్దల మాట మీద నిలబడ్డారు. ఇది కూడా గుర్తుపెట్టుకోండి.

1942 ఆగస్టులో క్విట్ ఇండియా తీర్మానం అవగానే వర్కింగ్ కమిటీ వాళ్లని బొంబాయిలో పట్టుకుని అహ్మద్‌నగర్ కోటలో పెట్టారు. అందులో పట్టాభి గారు ఉన్నారు. దాదాపు మూడేళ్లు. ఆ కోటలోనే నెహ్రూ గారు డిస్కవరీ ఆఫ్ ఇండియా రాశారు, ఆజాద్ గారు తన ఉత్తరాల పుస్తకం రాశారు, పట్టాభి గారు ఫెదర్స్ అండ్ స్టోన్స్ అనే పుస్తకంగా వచ్చిన డైరీ రాసుకున్నారు. మొదటి రెండూ ఇప్పటికీ షాపుల్లో దొరుకుతాయి.

స్వతంత్రం వచ్చింది. 1948లో కాంగ్రెస్ అధ్యక్ష పదవికి మళ్లీ పోటీ. ఈసారి పురుషోత్తమ దాస్ టాండన్ గారి మీద పట్టాభి గారు గెలిచారు. డిసెంబరులో జైపూర్‌లో సభ. స్వతంత్ర భారతంలో మొదటి కాంగ్రెస్ మహాసభకి అధ్యక్షుడు బందరు మనిషి. అప్పటికి ఆయనకి 68 ఏళ్లు. ఆంధ్ర రాష్ట్రం కోసం ముప్పై అయిదేళ్లుగా తిరుగుతున్న మనిషి పార్టీకే పెద్ద అయ్యాడంటే ఇక్కడ తెలుగువాళ్లు ఏమనుకుని ఉంటారు? ఇక మన పని అయిపోయినట్టే అనుకోరా?

ఇప్పుడు అసలు విషయం. అదే నెలలో భాషారాష్ట్రాల సంగతి చూడ్డానికి ప్రభుత్వం వేసిన ధార్ కమిషన్ రిపోర్టు వచ్చింది. భాష ఆధారంగా రాష్ట్రాలు వద్దంది. జనం ఒప్పుకోలేదు. దాంతో జైపూర్‌లో కాంగ్రెస్ ముగ్గురితో ఇంకో కమిటీ వేసింది. జవహర్‌లాల్, వల్లభ్‌భాయ్, పట్టాభి. మూడు పేర్ల మొదటి అక్షరాలతో దాన్ని జేవీపీ కమిటీ అంటారు. 1949 ఏప్రిల్‌లో రిపోర్టు బయటికొచ్చింది. దేశ భద్రత, ఐక్యత, ఆర్థిక పరిస్థితి ముందు. భాషారాష్ట్రాలు కొన్నేళ్లు ఆగాలి. జనం గట్టిగా కోరితే ఆంధ్ర విషయం మొదట చూడొచ్చు, కానీ మద్రాసు నగరం మీద ఆశ వదులుకోవాలి. సారాంశం ఇదీ. కింద మూడో సంతకం పట్టాభి గారిది.

1917లో గాంధీ గారు తర్వాత చూద్దాం అంటే ఒప్పుకోని మనిషి, 1949లో తనే తర్వాత అని సంతకం పెట్టారు. తను స్టార్ట్ చేసిన ప్రాసెస్‌కి తనే రీనైస్ కొట్టారు.

దీన్ని చదివినప్పుడు నాకు మొదట కోపమొచ్చింది. తర్వాత ఆ రోజుల్లో ఏం జరుగుతోందో చూశాను. దేశ విభజన అయి రెండేళ్లు కాలేదు. లక్షల మంది శరణార్థులు. 1948 జనవరిలో గాంధీ గారి హత్య. కాశ్మీరులో యుద్ధం ఆగింది 1949 మొదట్లోనే. 1948 సెప్టెంబరులో హైదరాబాదు మీద పోలీసు చర్య. రాజ్యాంగం ఇంకా రాస్తూనే ఉన్నారు. మనకి ల్యాబ్‌లో ఒక మాట చెప్పారు కదా, సీపీయూ ఖాళీగా ఉంటే నైస్ విలువ 19 ఉన్న ప్రాసెస్ కూడా ఫుల్ స్పీడ్‌లో పరిగెడుతుంది, రద్దీ ఉన్నప్పుడే ఆ నంబర్‌కి అర్థం అని. 1949 అంత రద్దీ మళ్లీ ఎప్పుడు ఉంది? కాబట్టి వాళ్లు పూర్తిగా తప్పు చేశారని నేను అనలేను. ఇంకో సంగతి, ఈయన ఎప్పుడూ పెద్దల మాట కాదని విడిగా నిలబడే రకం కాదు. 1939లో అలాగే, 1949లో అలాగే.

కానీ రెండు సమస్యలున్నాయి. ఒకటి, తల్లి ప్రాసెస్ నైస్ విలువ పిల్ల ప్రాసెస్‌లకి కూడా వస్తుంది. ఆ రిపోర్టు ఆంధ్రని ఒక్కదాన్నే కాదు, కన్నడ, మలయాళం, మరాఠీ రాష్ట్రాల కోరికల్ని కూడా వెనక్కి నెట్టింది. రెండోది నా ల్యాబ్‌లో జరిగిందే. తగ్గించిన వాడు తిరిగి పెంచలేడు. 1949 చివర్లో మద్రాసు లేకుండా ఆంధ్ర ఇద్దామని కొంత కదలిక వచ్చింది, విభజన కమిటీ కూడా వేశారు. మద్రాసు నగరం దగ్గర ప్రకాశం పంతులు గారు ఒప్పుకోలేదు, అక్కడే ఆగిపోయింది. 1950 జనవరి 26న రాజ్యాంగం వచ్చింది. దాని ఆర్టికల్ 3 ప్రకారం కొత్త రాష్ట్రం చేసే అధికారం పార్లమెంటుది. అదీ రూట్. పార్టీ అధ్యక్ష పదవి అయిపోయాక పట్టాభి గారి దగ్గర ఆ పాస్‌వర్డ్ లేదు.

1951లో స్వామి సీతారాం గారు ముప్పై అయిదు రోజులు నిరాహార దీక్ష చేశారు. హామీలు వచ్చాయి, రాష్ట్రం రాలేదు. 1952 అక్టోబరు 19న మద్రాసులో పొట్టి శ్రీరాములు గారు మొదలుపెట్టారు. డిసెంబరు 15 రాత్రి చనిపోయారు. యాభై ఎనిమిది రోజులు. ఆంధ్ర అట్టుడికిపోయింది, రైళ్లు ఆగాయి, కాల్పుల్లో మనుషులు చనిపోయారు. నాలుగు రోజుల తర్వాత నెహ్రూ గారు ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రకటించారు. 1953 అక్టోబరు 1న అది కర్నూలు రాజధానిగా ఏర్పడింది. మద్రాసు నగరం లేకుండానే. అంటే జేవీపీ రిపోర్టులో రాసినట్టుగానే వచ్చింది. కాకపోతే నాలుగేళ్లు ఆలస్యంగా, ఒక మనిషి ప్రాణం తీసుకుని.

అప్పుడు పట్టాభి గారు ఎక్కడున్నారు? 1952 జులై నుంచి ఆయన మధ్యప్రదేశ్ గవర్నరు. ఆ రాష్ట్రానికి అప్పటి రాజధాని నాగపూర్. 1920లో భాషల ప్రకారం శాఖలు అని కాంగ్రెస్ తీర్మానించిన అదే నాగపూర్. అక్కడి రాజభవనంలో ఉండగానే శ్రీరాములు గారు పోయారు, ఆంధ్ర వచ్చింది. కథ అక్కడితో ఆగలేదు. ఆంధ్ర ఇచ్చాక మిగతావాళ్లని ఆపడం ఎవరి వల్లా కాలేదు. 1956 నవంబరు 1న దేశపటం మొత్తం భాషల ప్రకారం మళ్లీ గీశారు. ఆయన గవర్నరుగా ఉన్న రాష్ట్రం కూడా రెండు ముక్కలైంది. మరాఠీ జిల్లాలు, నాగపూర్‌తో సహా, బొంబాయి రాష్ట్రంలోకి వెళ్లాయి. కొత్త మధ్యప్రదేశ్‌కి భోపాల్ రాజధాని అయితే, దాని మొదటి గవర్నరుగా డాక్టరు గారు అక్కడికి మారారు. అదే రోజు ఇక్కడ ఆంధ్రప్రదేశ్ పుట్టింది. యువకుడిగా ఉన్నప్పుడు ఆయన రాసిన చిన్న పుస్తకంలోని వాదన చట్టమైంది. పెద్దాయనగా పెట్టిన సంతకం చెల్లకుండా పోయింది. రెండూ కళ్లతో చూశారు.

1957 జూన్‌లో గవర్నరు పదవి అయిపోయింది. 1959 డిసెంబరు 17న కన్నుమూశారు. శ్రీరాములు గారు పోయిన తేదీకి రెండు రోజులు అటు.

ఆయన పెట్టిన బ్యాంకు మాత్రం చాలాకాలం నడిచింది. 1980లో జాతీయం చేశారు. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిపేశారు. తాతయ్య పాస్‌బుక్ మీద పేరు మారింది. ఆంధ్ర జాతీయ కళాశాల పేరు మాత్రం బందరులో పాతవాళ్ల నోట ఇంకా వినపడుతుంది.

ఈ కథ రాస్తున్నానని చెప్తే మా ఫ్రెండ్ ఒకడు, ఇంతకీ నువ్వు ఆయన పక్షమా కాదా అని అడిగాడు. నేను చాలా ఆలోచించా. ఆగమని చెప్పడం తప్పు కాదనుకుంటున్నా. మన ఓఎస్ పుస్తకంలో స్టార్వేషన్ అని ఒక టాపిక్ ఉంది కదా, ప్రయారిటీ తక్కువున్న ప్రాసెస్ తన వంతు రాక అలా పడి ఉండిపోవడం. దానికి మందు కూడా అక్కడే ఉంది, ఏజింగ్. అంటే ఎంత ఎక్కువసేపు వెయిట్ చేస్తే అంత ప్రయారిటీ మెల్లగా పెంచుకుంటూ పోవాలి. అప్పుడు ఎంత చిన్న ప్రాసెస్‌కైనా ఏదో ఒక రోజు వంతు వస్తుంది. జేవీపీ రిపోర్టులో నాకు కనపడని విషయం అదే. కొన్నేళ్లు అన్నారు గానీ ఎన్నేళ్లో రాయలేదు. ముగ్గురిలో ఆ తేడా తెలిసిన మనిషి ఒక్కరే. ముప్పై ఏళ్ల కింద అదే మాట విని ఒప్పుకోని మనిషి. ఆయనైనా ఒక తేదీ అడిగి రాయించి ఉండాల్సింది. ఆయన మీద నా కంప్లైంట్ అదొక్కటే. బ్యాంకు, కాలేజీ, పత్రిక, పుస్తకం, వీటిలో ఏదైనా ఒక్కటి చేసినా మనం ఒక మనిషిని గొప్పవాడంటాం, ఆయన అన్నీ చేశారు. అందుకే ఆ ఒక్కటి కూడా చేసి ఉంటే బాగుండేదని అనిపిస్తుంది.

తాతయ్యతో ఫోన్‌లో ఇదంతా చెప్పాను. కంప్యూటర్ భాగం ఆయనకి ఎంత ఎక్కిందో తెలీదు గానీ, వంతు సంగతి మాత్రం వెంటనే పట్టుకున్నాడు. శివారు రైతుకి నీళ్లు ఆలస్యంగా వస్తాయని కోపం ఉండదట. ఫలానా రోజు లాకులెత్తుతారు అని తెలిస్తే దాన్ని బట్టే నారు పోసుకుంటాడు. ఆ రోజు ఏదో చెప్పకపోతేనే నారుమడి ఎండిపోతుందట.

ఈసారి ల్యాబ్‌లో రీనైస్ కొట్టే ముందు ఆ ప్రాసెస్ ఎవరిదో, దాన్ని తిరిగి పైకి ఎవరు తెస్తారో ఒక్కసారి చూసుకోండి. బందరు వైపు వస్తే చెప్పండి, ఆంధ్రా బ్యాంకు పుట్టిన ఊరు చూపిస్తాను. లడ్డూ కూడా నాదే.